బీరువాలో పెట్టి తాళం వేసిన డిగ్రీ

2023 మే నెల. బందరు కోనేరు సెంటరు పక్క సందులో నా ఆఫీసు. ఆఫీసు అంటే ఒక గది, ఒక కంప్యూటరు, మూడు కుర్చీలు, ఎండాకాలం వచ్చిందంటే మొరాయించే ఏసీ. విమానం టికెట్లు, పాస్‌పోర్టు దరఖాస్తులు, సర్టిఫికెట్ల అటెస్టేషన్ నా పని. ఇరవై ఏళ్ళకు పైగా ఇదే చేస్తున్నాను. "ఆవిడ కసురుతుంది గానీ పని చేసిపెడుతుంది" అని ఊళ్ళో నాకో పేరుంది. నేను కాదనను. ఈ కుర్చీలో కూర్చుని రోజూ ఈ కథలు వింటే ఎంత శాంతమూర్తికైనా కసురుడు అలవాటవుతుంది.

అటెస్టేషన్ అంటే తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. మనం ఇక్కడ చదివిన డిగ్రీ ఇంకో దేశంలో చెల్లాలంటే, అది దొంగ సర్టిఫికెట్ కాదని మన ప్రభుత్వం ఒప్పుకోవాలి. ముందు రాష్ట్రంలో ఒక ముద్ర, తరవాత ఢిల్లీలో విదేశాంగ శాఖ ముద్ర. ఆ ముద్ర ఒరిజినల్ మీదే వేస్తారు. జిరాక్సు పట్టుకెళ్తే మొహం కూడా చూడరు. మిగతా కథంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరిగింది.

ఆ సోమవారం షమీమ్ వచ్చింది. బందరు అమ్మాయే. గుడివాడలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచరు. అవనిగడ్డలో డీఎస్సీ కోచింగ్ తీసుకుని, రాని నోటిఫికేషన్ కోసం ఎదురు చూసి చూసి, చివరికి ఈ స్కూల్లో చేరి అప్పటికి తొమ్మిదేళ్ళయింది. రోజూ పొద్దున్నే రైల్లో వెళ్ళి సాయంత్రం రైల్లో వచ్చేది.

"అక్కా, మాల్దీవుల నుంచి రమ్మంటున్నారు. అక్కడి టీచర్ మధ్యలో మానేసిందంట. రెండు వారాల్లో చేరాలి. వస్తానో రానో శుక్రవారం లోపు చెప్పమన్నారు" అంది.

అవనిగడ్డలో తనతో చదువుకున్న స్నేహితురాలు ఆ దీవిలోనే పనిచేస్తోందట. ఆమె చెప్తే ప్రిన్సిపాల్ ఫోన్‌లో డెమో క్లాసు చెప్పించుకుని, నచ్చి, ఆఫర్ లెటర్ పంపాడు. నేను అక్షరం అక్షరం చదివాను. ఇలాంటివి చదివేటప్పుడు నేను ముందు చూసేది వర్క్ పర్మిట్. అంటే ఆ దేశం ముందుగా ఇచ్చే పని అనుమతి. "ముందు టూరిస్టుగా వచ్చెయ్యండి, తరవాత మార్చుకుందాం" అని ఎవరైనా అన్నారంటే నేను ఆ కాగితం అక్కడే తిప్పి ఇచ్చేస్తాను. ఇందులో అలాంటి తిరకాసు లేదు. పైగా పాస్‌పోర్టు టీచరు దగ్గరే ఉంటుందని విడిగా ఒక వాక్యం రాసి ఉంది.

"ఉద్యోగం నిజమే. వెళ్ళాలా వద్దా అన్నది నీ ఇష్టం. నీకు వెళ్ళాలనుందా?" అని అడిగాను.

"మా స్కూల్లో ల్యాబ్ ఉందక్కా. అందులో విరిగిన బెంచీలు పడేసి తాళం వేశారు. తొమ్మిదేళ్ళ నుంచి కటకాన్ని బోర్డు మీద గీసి చూపిస్తున్నాను. ఓసారి నేనే ఒకటి కొనుక్కెళ్ళి కిటికీ బొమ్మ గోడ మీద తలకిందులుగా పడేలా చూపించాను. పిల్లలు ఒకటే అరుపులు. క్లాసులో గోల అని నాకు మెమో ఇచ్చారు. ఆ దీవిలో ల్యాబ్ ఫోన్‌లో చూపించారక్కా. ప్రయోగాలు పిల్లలే చేస్తున్నారు."

"మరింకేం?"

"నా సర్టిఫికెట్లు స్కూల్లో ఉన్నాయి."

అర్థమైంది. ఇది మన దగ్గర పెద్ద రహస్యమేమీ కాదు. చాలా ప్రైవేటు స్కూళ్ళలో చేరేటప్పుడు టీచర్ల ఒరిజినల్స్ తీసుకుని బీరువాలో పెడతారు, మధ్యలో మానెయ్యకుండా. టెన్త్ నుంచి బీఈడీ దాకా అన్నీ. ఎవరూ ఎదురు చెప్పరు. ఉద్యోగం కావాలిగా! షమీమ్ అప్పటికే రెండుసార్లు అడిగింది. చూద్దాం అన్నారట.

విదేశం వెళ్తోందని తెలిసిన దగ్గర్నుంచీ వీధిలో అందరూ ఆమెను భయపెడుతున్నారు. అక్కడికెళ్తే పాస్‌పోర్టు లాగేసుకుంటారు, జాగ్రత్త అని. ఇరవై మైళ్ళ దూరంలో, మనవాళ్ళే, ఆమె చదువు మొత్తం లాగేసుకుని తాళం వేస్తే మాత్రం ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు ఆమె భర్త ఖాజా వచ్చాడు. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకి పూత పని చేస్తాడు. "మీరోసారి వెళ్ళి మాట్లాడండి మేడం గారూ. నేను వెళ్తే గొడవైపోద్ది. తను మాల్దీవులు వెళ్తే మాకేం ఇబ్బంది లేదండి, అన్నం వండటం నాకూ వచ్చు" అన్నాడు. స్కూళ్ళకి వెళ్ళి తగువులు తీర్చడం నా పని కాదు. అయినా ఆఫర్ లెటర్ పట్టుకుని బుధవారం షమీమ్‌తో గుడివాడ రైలెక్కాను.

స్కూలుకి వేసవి సెలవులు. పిల్లలకే సెలవులు, టీచర్లకి కావు. పాంప్లెట్లు పట్టుకుని ఊళ్ళమ్మట తిరిగి అడ్మిషన్లు తేవాలి. వరండాలో నలుగురైదుగురు చెమటలు కక్కుతూ పాంప్లెట్లు మడతపెడుతున్నారు. ప్రతి దాని మీదా షమీమ్ ఫొటో ఉంది. "సైన్స్‌లో మాకు మేమే సాటి" అని కింద పెద్దక్షరాలు.

కరస్పాండెంట్, అంటే ఆ స్కూలు యజమాని, చాలా మర్యాదస్తుడు. "రండి మేడం, కూర్చోండి. మజ్జిగ తాగుతారా?" అన్నాడు. నేను వచ్చిన పని చెప్పాను.

"షమీమ్ టీచర్ మా ఇంటి ఆడపడుచు లాంటిదండీ. సర్టిఫికెట్లు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఇళ్ళల్లో అయితే చెదలు పడతాయి, పిల్లలు చింపేస్తారు."

"మీ ఆడపడుచు నగలు కూడా ఇలాగే మీ బీరువాలో పెట్టి తాళం వేస్తారా?" అన్నాను.

ఆయన నవ్వు తగ్గలేదు. "అడ్మిషన్లు అవ్వనివ్వండి. జూలైలో చూద్దాం. పేరెంట్స్‌కి ఈవిడ మాటిచ్చిందండీ, ఫిజికల్ సైన్స్ నేనే చెప్తానని. ఇప్పుడు వెళ్ళిపోతే ఆ పిల్లల గతేంటి? అయినా వాళ్ళాయన ఒప్పుకున్నాడా? వాళ్ళల్లో ఆడవాళ్ళని అంత దూరం..."

"మా ఆయన ఒప్పుకున్నారు సార్. ఒప్పుకోనిది మీరొక్కరే" అంది షమీమ్. అంతదాకా తలొంచుకుని కూర్చున్న మనిషి.

ఆయన మొహం కొంచెం మారింది. వెంటనే సర్దుకుని, మాకేదో ఉపకారం చేస్తున్నట్టు గొంతు తగ్గించి చెప్పాడు. "అంత అర్జంటైతే ఒక మార్గం ఉందండీ. సర్టిఫికెట్లు పోయాయని స్టేషన్లో కంప్లైంట్ ఇచ్చి, ఒక అఫిడవిట్ రాయించి, డూప్లికేట్లు తీసుకోండి. అందరూ చేసేదే."

నా సర్వీసులో చాలామంది గడుసువాళ్ళని చూశాను. తన వీపు వెనక బీరువాలో పెట్టుకుని, పోయాయని ప్రమాణం చెయ్యమని సలహా ఇచ్చిన మనిషిని మాత్రం అదే చూడటం. ఏమన్నానో ఇక్కడ రాయలేను. వరండాలో పాంప్లెట్లు మడతపెట్టే చేతులు ఆగిపోయాయి.

బయటికొచ్చాక షమీమ్ అన్నది ఒకటే మాట. "పోలేదుగా అక్కా. అక్కడే ఉన్నాయి. పోయాయని నేనెందుకు చెప్పాలి?"

నేను స్టేషన్ రోడ్డు వైపు నడుస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "రైలొద్దు. బంటుమిల్లి మీదుగా బస్సులో వెళ్దాం. ఆయన అబద్ధాలు చెప్పాడు గానీ ఒక్క మాట నిజమక్కా. బంటుమిల్లిలో ఇంటింటికీ తిరిగి, మీ పిల్లకి నేనే చెప్తానని మాటిచ్చాను. వాళ్ళకి చెప్పకుండా దీవి వాళ్ళకి వస్తానని ఎలా చెప్పను?"

నాకు చిరాకేసింది. వాడు నీ చదువు పట్టుకుని ఆడిస్తుంటే నువ్వు వాడి తరఫున ఇచ్చిన మాట గురించి బాధపడతావేంటి అని గట్టిగానే అడిగాను. "ఆయన తరఫున కాదు, నా నోటితో ఇచ్చాను" అంది. ఇక చేసేదేముంది, బస్సెక్కాను.

బంటుమిల్లి సెంటర్లో స్కూలు ఫ్లెక్సీ కట్టి ఉంది. ఇక్కడా ఆమె ఫొటోనే. దాని కిందనుంచే తలవంచుకుని నడిచింది. మేము వెళ్ళింది నాగమణి అనే ఆవిడ ఇంటికి. భార్యాభర్తలిద్దరూ రొయ్యల చెరువుల మీద పనిచేస్తారు. కూతురు తొమ్మిదో తరగతికి రావాలి. షమీమ్ దాపరికం లేకుండా అంతా చెప్పింది. ఉద్యోగం వచ్చింది, వెళ్ళాలనుంది, మీకు మాటిచ్చాను, ఏం చెయ్యమంటారు అని.

నాగమణి ముందు నొచ్చుకుంది. "మిమ్మల్ని చూసేగా టీచర్ గారూ, అంత దూరం బడిలో వెయ్యడానికి ఒప్పుకున్నాం" అంది. నిష్ఠూరంగానే అంది. షమీమ్ కళ్ళు దించేసుకుంది. ఆ క్షణంలో ఈ అమ్మాయి ఉద్యోగం వదిలేసుకుంటుందని నాకు ఖాయమైపోయింది. ఉక్రోషం ఆపుకోలేక బీరువా సంగతీ, డూప్లికేట్ల సలహా సంగతీ నేనే కక్కేశాను.

నాగమణి చెరుగుతున్న బియ్యం చేట పక్కన పెట్టింది.

"అంటే, మీ కాయితాలు మీకివ్వట్లేదా?"

"లేదు."

"తొమ్మిదేళ్ళు చేసిన మనిషికి కాయితాలివ్వనివాడు, రేపు మా పిల్ల టీసీ మాకిస్తాడా?"

టీసీ చేతికి రాకపోతే పిల్లని ఇంకో బళ్ళో చేర్చడానికి నానా అగచాట్లు పడాలి. ఆ సంగతి ఆ వీధిలో ప్రతి తల్లికీ తెలుసు. నాగమణి ఇంటి ముందుకు వెళ్ళి పక్కింటావిణ్ణి కేకేసింది. ఆవిడ ఇంకొకామెను పిలిచింది. కాసేపటికి ఆ వాకిట్లో షమీమ్‌ని జరిగిందేంటని అడిగినవాళ్ళే గానీ తప్పుపట్టినవాళ్ళు లేరు.

"మీరెళ్ళండి టీచర్ గారూ. మాకు మీరు బాకీ ఏం లేరు. మా పిల్లని ఈ ఊరి బళ్ళోనే వేసుకుంటాం" అంది నాగమణి.

షమీమ్ ఆ అరుగు మీద కూర్చునే దీవికి ఫోన్ చేసింది. వస్తున్నానని చెప్పింది. సర్టిఫికెట్లు ఇంకా చేతికి రాలేదని కూడా దాచకుండా చెప్పింది. అటెస్టేషన్ అయ్యేదాకా ఆగుతామని ప్రిన్సిపాల్ అన్నాడు. ఎవరో తెలియని ఆ మనిషికున్న ఇంగితం, తొమ్మిదేళ్ళు జీతమిచ్చినవాడికి లేకపోయింది.

తరవాత పాంప్లెట్లు పట్టుకుని ఆ ఊరు వెళ్ళిన టీచర్లని ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న అడిగారట. టీసీ అడిగినప్పుడు ఇస్తామని రాసిస్తారా అని. ఆ వారాంతానికే కరస్పాండెంట్ షమీమ్‌ని పిలిచాడు. ఈసారి మజ్జిగ లేదు. "ఊళ్ళోవాళ్ళకి ఏం ఎక్కించావు?" అన్నాడట. జరిగింది చెప్పానందట. సర్టిఫికెట్ల కవరు టేబుల్ మీద విసిరికొట్టాడు. కిందపడిన బీఈడీ సర్టిఫికెట్‌ని ఆమె వంగి తీసుకుంది. మిగతా టీచర్ల కవర్లు ఆ బీరువాలోనే ఉండిపోయాయి. అది తలుచుకుంటే ఈ రోజుకీ నా కోపం తీరదు.

ఆ సాయంత్రం షమీమ్ నా ఆఫీసుకొచ్చి సర్టిఫికెట్లు ఒక్కొక్కటే బల్ల మీద పరిచింది. అన్నీ సరిచూసుకుని, రాష్ట్రం ముద్ర కోసం విజయవాడ పంపడానికి కవర్లో పెడుతున్నాను. ఆమె లేవలేదు.

"ఇంకేంటి?" అన్నాను.

"ఇవన్నీ మీకిచ్చినట్టు ఒక రసీదు రాసివ్వండక్కా."

మనసు చివుక్కుమంది. ఈమె కోసం గుడివాడ వెళ్ళాను, ఎండలో బంటుమిల్లి తిరిగాను. నా మీద నమ్మకం లేదా? నోటిదాకా వచ్చింది. ఆమె మొహం చూస్తే నవ్వూ లేదు, మొహమాటమూ లేదు. తన వస్తువు ఎక్కడుందో తనకి తెలియాలి, అంతే. రాసిచ్చాను. ఒకసారి చదువుకుని, మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్ళింది. నెల తిరక్కుండా విమానం ఎక్కింది.

ఇప్పుడు నా దగ్గరికొచ్చేవాళ్ళలో సగం మంది ఒరిజినల్స్ బల్ల మీద పెట్టి, "రసీదెందుకు మేడం, మీ దగ్గరే ఉండనివ్వండి" అంటారు. ఆ మాట వింటే చాలు, కసురుతాను. రసీదు చేతిలో పెట్టి, పని అయిన రోజే వచ్చి పట్టుకుపొమ్మంటాను. మీ చదువు మీది, నా దగ్గరెందుకుంటుంది?