లిఫ్టులో పక్కా సమాచారం

పక్కాకి ఫుట్‌బాల్ గురించి ఒక్క ముక్క సరిగ్గా తెలియదు. అలాగని ఊరుకునే మనిషి కాదు. ఫుట్‌బాల్ తప్ప ఇంకో ముక్క మాట్లాడేవాడు కాదు.

ఆ ఐదంతస్తుల పాత భవనంలో ఆయన లిఫ్టు ఆపరేటరు. ఇనుప జాలీ తలుపు లాగి, స్టూలు మీద కూర్చుని, ఇత్తడి పిడి తిప్పుతూ, ఎక్కినవాళ్ళందరికీ ఏ ఆటగాడు ఏ జట్టుకు మారుతున్నాడో చెప్పేవాడు. ప్రతి కబురు చివరా “పక్కా!” అని ముద్ర వేసేవాడు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఎటో పోయింది, పక్కా మిగిలింది.

“మన పదో నంబరు వాడు నీలం చొక్కాల జట్టుకి వెళ్ళిపోతున్నాడు సార్. మంగళవారం సంతకం. పక్కా!”

“ఎవరు చెప్పారు?” అనేవాడు రెండో అంతస్తు బీమా ఏజెంటు.

“క్లబ్బు డ్రైవరు వియ్యంకుడికి బట్టలు కుట్టే దర్జీ.”

మంగళవారం వచ్చేది, పోయేది. పదో నంబరు వాడు మన ఎర్ర చొక్కాలోనే మైదానంలో చెమటలు కక్కుతుండేవాడు.

“ఏమైందయ్యా నీ సంతకం?”

“అంతా సిద్ధమే సార్. తీరా చూస్తే పెన్ను రాయలేదు.”

ఒకసారి ఆట మానేసి ఆరేళ్ళయిన గోల్‌కీపరును జట్టులోకి తెచ్చేశాడు. ఆ గోల్‌కీపరు రంగుల దుకాణం పెట్టుకుని హాయిగా డబ్బాలు అమ్ముకుంటున్నాడని అందరికీ తెలుసు. “దుకాణానికి తాళం వేసి మరీ వస్తున్నాడు సార్” అన్నాడు పక్కా, ఆ తాళం తానే పట్టుకుని చూసినట్టు.

జీతాల సంగతి వస్తే ఇక చెప్పనక్కర్లేదు. గోల్‌కీపరుకు పట్టిన బంతికి ఇంత అని కూలీ కట్టిస్తారట. “అందుకే సార్, ఓడిపోయే జట్టు గోల్‌కీపరే కోటీశ్వరుడు. రోజంతా బంతులే బంతులు.” అదీ పక్కానే.

ఎత్తులూ పైఎత్తులూ వివరించేటప్పుడు ఆయనకు లిఫ్టు చాలేది కాదు. ఒకరోజు ఏడుగురు ఎక్కారు. రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య లిఫ్టు ఆపేసి, బీమా ఏజెంటునూ ఆయన బ్యాగునూ వెనక నిలబెట్టాడు. టైపిస్టు అమ్మాయిని కుడి రెక్క మీదకు పంపాడు. మూడో అంతస్తు దంతవైద్యుడి దగ్గరకు బుగ్గ వాచి వచ్చిన పెద్దమనిషిని గోల్‌కీపరు చేశాడు.

“ఇప్పుడు చూడండి. ఇలా నిలబడితే ప్రత్యర్థి దూరలేడు!”

“బాబూ, నా పన్ను...” అన్నాడు గోల్‌కీపరు.

“మీరు గోలు వదిలి రాకండి సార్!”

నాలుగో అంతస్తు ప్రూఫ్ రీడరు మూలన నిలబడి అంతా విన్నాడు. ముఖం ఎర్రబడింది. “పదకొండు మంది ఆటలో నువ్వు చెప్పిన స్థానాలు పన్నెండు. ఆ బ్యాగుకు కూడా ఓ స్థానం ఇచ్చావు” అన్నాడు.

“అలాగా సార్?” అన్నాడు పక్కా వినయంగా, లిఫ్టు కదిలిస్తూ.

ఈ ప్రూఫ్ రీడరు గురించి కొంచెం చెప్పాలి. నాలుగో అంతస్తులోని ముద్రణాలయంలో ఇరవై ఏళ్ళుగా తప్పులు దిద్దుతున్నాడు. ఒకప్పుడు ఆ చిన్న గదిలో రెండు కుర్చీలుండేవి. ఒకరు మూలప్రతి పైకి చదివేవారు, ఇంకొకరు ప్రూఫు దిద్దేవారు. తర్వాత చదివే మనిషి అవసరం లేదన్నారు. ఇప్పుడు రెండో కుర్చీలో కాగితాల కట్టలు కూర్చుంటాయి. వాటికి ఊ కొట్టడం కూడా రాదు.

ఇంటి దగ్గరా అంతే. భార్య పోయింది. పిల్లల్లేరు. అసలు ఫుట్‌బాల్ పిచ్చి ఆవిడది. శనివారం మధ్యాహ్నం అయిందంటే ఈయన్ని రెక్క పట్టుకుని స్టేడియానికి లాక్కెళ్ళేది. రిఫరీ ఈల తప్పుగా వేస్తే ఆవిడ లేచి నిలబడి, వాడి కళ్ళ గురించీ, ఆ కళ్ళు ఇచ్చిన వంశం గురించీ గ్యాలరీ అంతా వినేట్టు చెప్పేది. ఈయన పక్కన కూర్చుని, “మూడో నిమిషం కాదోయ్, నాలుగో నిమిషం” అని ఆవిడ లెక్కలు దిద్దేవాడు. ఇద్దరికీ అదే సరసం.

ఆవిడ పోయాక ఆయన స్టేడియం వైపు వెళ్ళలేదు. రేడియో మీద గుడ్డ కప్పేశాడు. ఆదివారాలు మరీ కష్టంగా ఉండేవి. చేతికి దొరికిన ప్రతిదీ చదివేవాడు. మందు పెట్టెల మీద, సబ్బు కాగితాల మీద తప్పులు కనిపించేవి. “ఇది చూశావా?” అని తల ఎత్తేవాడు. ఎదురుగా గోడ ఉండేది. మళ్ళీ తల దించుకునేవాడు.

పక్కా ఆ భవనానికి వచ్చి మూడేళ్ళే. వచ్చిన కొత్తలో అందరిలాగే ఎండ గురించీ వాన గురించీ మాట్లాడేవాడు. ప్రూఫ్ రీడరు తల ఊపి, నాలుగో అంతస్తులో దిగిపోయేవాడు. అలా ఆరు నెలలు గడిచాక ఒక ఉదయం పక్కా యథాలాపంగా అన్నాడు:

“మన జట్టు కప్పు గెలిచిన ఏడాది ఫైనల్లో మూడు గోల్స్ కొట్టాం కదండీ...”

“రెండు!”

ఆ గొంతు ఎవరిదో ప్రూఫ్ రీడరుకే ఒక్క క్షణం అర్థం కాలేదు. చాలాకాలం తెరవని తలుపులా కిర్రుమంది. “రెండే. రెండూ ఎడమ రెక్క వాడే కొట్టాడు. రెండోది తలతో. నేనూ మా ఆవిడా అక్కడే ఉన్నాం.”

“అలాగా సార్?” అన్నాడు పక్కా.

మర్నాటి నుంచి పక్కా తప్పులకు ఆనకట్ట లేకుండా పోయింది. వానలో ఆఫ్‌సైడ్ లెక్కలోకి రాదన్నాడు. కార్నర్ కొట్టేవాడు కళ్ళు మూసుకోవాలని రూలుందన్నాడు. ఇంత అజ్ఞానం ఒకే బుర్రలో ఎలా పట్టిందా అని ప్రూఫ్ రీడరు ఆశ్చర్యపోయేవాడు. వాదించి లాభం లేదని, రుజువులు తెచ్చేవాడు. క్రీడల పేజీలు కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకుని, పావుగంట ముందే భవనానికి వచ్చేసేవాడు.

“ఇదిగో, చదువు! వాడి కాంట్రాక్టు ఇంకా రెండేళ్ళుంది!”

“అయ్యో, దర్జీ మోసం చేశాడు సార్.”

మోకాళ్ళకు మెట్లెక్కడం మంచిదని డాక్టరు చెప్పాడు. ప్రూఫ్ రీడరు మెట్ల మొహం చూడలేదు. ఒక్కోరోజు వాదన తెగక, నాలుగో అంతస్తు దాటి ఐదుకి వెళ్ళి, మళ్ళీ కిందికి వచ్చి, మళ్ళీ పైకి వెళ్ళేవారు. భవనమంతా పక్కాను చూసి నవ్వేది. “ఆ మనిషి చెప్పినదానికి తలకిందులు జరుగుతుంది, నమ్మొచ్చు” అనేవాడు బీమా ఏజెంటు. పక్కా కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు.

ఒకరోజు నోటీసు అంటించారు. పాత లిఫ్టు తీసి కొత్తది పెడుతున్నారు. దానికి బొత్తాలుంటాయి, ఆపరేటరు అక్కర్లేదు.

చివరి రోజు సాయంత్రం పక్కా ఇత్తడి పిడిని చేతిగుడ్డతో తుడుస్తున్నాడు. ప్రూఫ్ రీడరు ఎక్కాడు. ఏదో అనాలనుకున్నాడు. ఈలోగా పక్కాయే అందుకున్నాడు.

“ఆఖరి వార్త సార్. మన కోచ్ వచ్చే వారం రాజీనామా. పక్కా!”

“ఎందుకు చేస్తాడయ్యా? జట్టు రెండో స్థానంలో ఉంటే ఏ పిచ్చివాడు చేస్తాడు? ఇన్నాళ్ళలో ఒక్కటంటే ఒక్కటి నిజం చెప్పావా?”

“లేదు సార్” అని పక్కా జాలీ తలుపు తీశాడు.

ప్రూఫ్ రీడరు వీధి చివరిదాకా వెళ్ళాక గుర్తొచ్చింది, ఇకమీదట ఏం చేస్తావని కూడా అడగలేదని. ఆయన ఇల్లెక్కడో తెలియదు. అసలు పేరే తెలియదు.

కొత్త లిఫ్టు తళతళలాడేది. ఒకవైపు నిలువెత్తు అద్దం. అందులో ప్రూఫ్ రీడరుకు తానొక్కడే కనిపించేవాడు. మూడో అంతస్తు రాగానే ఒక ఆడగొంతు “మూడో అంతస్తు” అనేది. నాలుగో అంతస్తు రాగానే “నాలుగో అంతస్తు” అనేది. ఒక్కనాడైనా తప్పు చెప్పేది కాదు. దానితో ఏం మాట్లాడతాడు? మూడు వారాలకే ఆయన మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

ఓ శనివారం ఉదయం పేపరులో వార్త వచ్చింది. కోచ్ కాంట్రాక్టు మరో మూడేళ్ళు పొడిగించారు. ప్రూఫ్ రీడరు కత్తెర తీసి జాగ్రత్తగా కత్తిరించి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు ఆగాడు. ఎవరికి చూపించాలి? కాసేపు జేబు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి చెప్పులేసుకున్నాడు. ‘ఆ మొద్దు మనిషి ఆటకు రాకుండా ఉండడు. ముఖాన కొడతాను’ అనుకున్నాడు.

స్టేడియంలో తూర్పు గ్యాలరీ మెట్లెక్కాడు. పై వరసల్లో పదిమంది పెద్దవాళ్ళు గుమిగూడి కూర్చున్నారు. మధ్యలో పక్కా. ప్రూఫ్ రీడరు వెనక వరసలో నక్కి కూర్చున్నాడు, తప్పు మాట్లాడగానే పట్టుకుందామని.

“అన్నా, నీలం జట్టు స్ట్రైకరు మనకొస్తున్నాడట, నిజమేనా?” అని ఎవరో అడిగారు.

“రాడు. కిందటేడు మోకాలి ఆపరేషనయింది. పైగా మన క్లబ్బు ఇచ్చే జీతం వాడు ఇప్పుడు తీసుకునేదాంట్లో సగం కూడా కాదు. ఆశపెట్టుకోకండి” అన్నాడు పక్కా.

అక్షరాలా నిజం. ప్రూఫ్ రీడరు తడబడ్డాడు.

ఆట మొదలైంది. “వాళ్ళ కుడి పక్క వాడు ముందుకొచ్చేసి వెనక ఖాళీ వదులుతున్నాడు, చూశారా? మనవాళ్ళు అటు బంతి వేస్తే గోలే” అన్నాడు పక్కా. ఎనిమిది నిమిషాల తర్వాత అటే బంతి పడింది. గోలే అయింది. గ్యాలరీ లేచి గంతులేసింది. ప్రూఫ్ రీడరు మాత్రం కూర్చునే ఉన్నాడు, నోరు తెరుచుకుని.

పక్కన కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఒకాయన ఉంటే, ప్రూఫ్ రీడరు ఆయన్ని మోచేత్తో పొడిచాడు. “ఏమండీ, ఆయనకి... ఆట తెలుసా?”

“తెలుసా ఏంటండీ! ఈ గ్యాలరీకంతటికీ ఆయనే పెద్ద దిక్కు. ఆయన మాట తప్పగా నేనెప్పుడూ వినలేదు.” ఆయన ప్రూఫ్ రీడరును ఎగాదిగా చూశాడు. జేబులోంచి తొంగి చూస్తున్న పేపరు ముక్క చూశాడు. కళ్ళు పెద్దవయ్యాయి. “మీరు... నాలుగో అంతస్తు సారేనా?”

ఆయన జవాబు చెప్పేలోపే దుకాణం ఆయన కేకేశాడు: “ఒరేయ్! నాలుగో అంతస్తు సారొచ్చారు!”

పదిమందీ ఆట వదిలేసి ఇటు తిరిగారు. ఒకాయన వచ్చి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. “వానలో ఆఫ్‌సైడ్ లేదన్నది నాదే సార్! మీరు రెండ్రోజులు నిద్రపోలేదటగా?”

“రంగుల దుకాణం గోల్‌కీపరు నా ఐడియా” అన్నాడు ఇంకొకాయన గర్వంగా.

“అది నీది కాదురా, మా బావమరిది చెప్పాడు!”

“సులువు కాదండీ” అన్నాడు కళ్ళజోళ్ళాయన. “ప్రతి శనివారం ఆట అయ్యాక అరగంట కూర్చునేవాళ్ళం. తప్పు మరీ పిచ్చిగా ఉండకూడదు, నమ్మరు. మరీ చిన్నదైతే వదిలేస్తారు. సరిగ్గా మీకు ఒళ్ళు మండాలి. వారానికి ఆరు తప్పులు తయారుచేసి ఇవ్వాలంటే మాకు తలప్రాణం తోకకొచ్చేది.”

పక్కా మాత్రం దొంగ దొరికినట్టు తల గోక్కుంటూ నిలబడ్డాడు.

“ఎందుకు?” అన్నాడు ప్రూఫ్ రీడరు.

“అమ్మగారూ మీరూ కింద నాలుగో మెట్టు మీద కూర్చునేవారు కదండీ. ఆవిడ గొంతు మాకందరికీ తెలుసు. ఆవిడ తిడితేగానీ మాకు రిఫరీ తప్పు చేశాడని తెలిసేది కాదు. తర్వాత మీరు రావడం మానేశారు. లిఫ్టులో చూస్తే తల ఊపడమే. ఆరు నెలలు ఎండా వానా అన్నీ అయిపోయాయి, నా దగ్గర ఇంకో వాతావరణం లేదు. ఓరోజు నిజంగానే పొరపాటున స్కోరు తప్పు చెప్పాను. మీరు నోరు విప్పారు. ఓహో, ఇదా మందు అనుకున్నాను.”

“మరి మిగతావాళ్ళకెందుకు తప్పులు? బిల్డింగంతా నిన్ను చూసి... మిమ్మల్ని చూసి నవ్వేది.”

“ఒక్కరికి నిజం చెప్పినా మీ చెవిన పడుతుంది కదండీ. నవ్వితే నవ్వారు, నా సొమ్మేం పోయింది? ‘మీరు’ అనకండి సార్, రిఫరీని పిలిచినట్టుంది.”

ప్రూఫ్ రీడరుకు కోపం తెచ్చుకోవాలనిపించింది, రాలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అంతలో కింద మైదానంలో మన ఎడమ రెక్క వాణ్ణి పెనాల్టీ బాక్సు లోపలే అడ్డంగా పడేశారు. రిఫరీ ఈల వెయ్యలేదు. గ్యాలరీ భగ్గుమంది. అందరికన్నా ముందు లేచి నిలబడింది ప్రూఫ్ రీడరు. రిఫరీ కళ్ళ గురించి ఆయన అరిచిన మాటలు అచ్చులో వెయ్యడానికి పనికిరావు. పై వరసలవాళ్ళు చప్పట్లు కొట్టారు.

మన జట్టు ఓడిపోయింది, ఒకటికి రెండు.

సాయంత్రం బస్టాపులో ఇద్దరూ నిలబడ్డారు. ఆఖరి పావుగంటలో కోచ్ ఎవర్ని దింపి ఉండాల్సిందో ప్రూఫ్ రీడరు చెప్పాడు. అది శుద్ధ తప్పని పక్కా ఐదు కారణాలతో రుజువు చేశాడు. తప్పులు దిద్దే మనిషి తప్పు ఇంకొకరు దిద్దడం ఇరవై ఏళ్ళలో ఇదే మొదలు. ఆయన ఒప్పుకోలేదు. గొంతు బొంగురుపోయినా ఒప్పుకోలేదు. ఒక బస్సు వెళ్ళింది. రెండోదీ వెళ్ళింది. మూడో బస్సు కండక్టరు తల బయట పెట్టాడు.

“పెద్దాయనా, ఎక్కుతారా లేదా?”

“ఇంకా తేలలేదు, నువ్వు పోనీవయ్యా” అన్నాడు ప్రూఫ్ రీడరు.