ఆదోని బస్సెక్కిన గుంజలు

మా అక్క కార్డు రాసిందంటే పెళ్లో పురుడో అనుకుంటాం. ఈసారి మాత్రం, "దిబ్బ జారేటట్టుండాది, పొడుగాటి గుంజలు తీసుకోని రా" అని రాసింది. వాళ్లది ఎమ్మిగనూరులో నేతగాళ్ల వీధి. ఆ మధ్య ఒక సాయంత్రం భూమి కాస్త అదిరి, ఇంటి వెనక మట్టిదిబ్బ పొడవునా నెర్రె విచ్చింది. దిబ్బ కిందే మగ్గం గది. గట్టి వాన పడినా, భూమి మళ్లీ అదిరినా ఆ మట్టంతా మగ్గం మీదికే. అక్క భయపడి మగ్గం గుంతలో కూర్చోవడం మానేసింది. నేత ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఎన్నాళ్లు వెలుగుతుంది?

నేను ఆదోనిలో పత్తి మండీ గుమాస్తాను. తొమ్మిది అడుగుల తుమ్మ గుంజలు ఎనిమిది కొని, ఏడు గంటల బస్సు దగ్గరికి మోయించాను. డ్రైవరు బీడీ ఆర్పి వాటిని కింద నుంచి పైదాకా చూశాడు.

"ఇంత పొడుగువి పైనేస్తే యాడన్నా కొమ్మకు తగులుకుంటాయప్పా. కోయించుకోని రా."

సగానికి కోయించాను. ఎనిమిది పదహారయ్యాయని సంతోషించాను కూడా. ఎనిమిదిన్నర బస్సు దొరికింది. నాకు పన్నెండు అణాలు, గుంజలకు మరో ఆరు. జొన్నచేల మధ్య దుమ్ము తింటూ పది గంటలకు దిగాను.

అక్క అత్తగారు నా గుంజ ఒకదాన్ని మూరలతో కొలిచి చూసింది. బావ చేత దిబ్బలోకి ఒక ఇనుపకడ్డీ దింపించింది. నల్లరేగడిలో సులువుగా దిగిన కడ్డీ, నాలుగున్నర అడుగుల దగ్గర రాళ్లు కలిసిన గరుసు నేల తగిలి ఖణేల్‌మంది. నా గుంజ పొడవు సరిగ్గా అంతే.

"ఇది రేగడిలోనే నిలబడిపోతాది అబ్బీ. రేగడి జారితే దాంతోపాటే పోతాది. పడుగు లాగి కట్టే గుంజ గట్టినేల పట్టకుంటే పడుగు నిలుస్తాదా? నేతోళ్ల ఇంట పుట్టి మర్సిపోయినావా?" అంది అత్తమ్మ.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బావ నవ్వు ఆపుకుంటూ వీధి చివరి కట్టెల అడితికి వెళ్లి, ఎనిమిది పొడుగు గుంజలు బండి మీద తెచ్చాడు. ఆ బండి మీదే నిలబడి సమ్మెటతో కొట్టాడు. వీధిలో మగవాళ్లంతా వంతులేసుకున్నారు. మూడు గంటలకల్లా దిబ్బ అడుగున వరసగా ఎనిమిదీ గరుసులోకి దిగాయి.

"ఇంగ భూమి అదిరితే?" అని అడిగాను.

"అదిరేది మన చేతిలో ల్యా. పట్టుకునేదే మన చేతిలో ఉండేది," అంది అత్తమ్మ.

ఆ సాయంత్రమే అక్క మగ్గం గుంతలో కాళ్లు పెట్టింది. గుమ్మంలో కూర్చుని, పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడె చప్పుడు వింటుంటే నాకు కళ్లు చెమ్మగిల్లాయి. చిన్నప్పుడు ఆ చప్పుడుకే నిద్రపోయేవాణ్ని, ఆదోని వచ్చాక ఎప్పుడు మరిచిపోయానో తెలియదు.

మీరూ ఇలాంటి పనిమీద బయలుదేరితే, గట్టినేల ఎంత లోతులో ఉందో ముందే కార్డు రాసి కనుక్కోండి. తర్వాతే గుంజలు కొనండి, బస్సులో కాక బండిలో వేసుకెళ్లండి. నా పదహారు ముక్కలూ వృథా కాలేదు లెండి. ఆ వీధిలో గరుసు మూరెడు లోతులోనే తగులుతుంది కాబట్టి, ఇప్పుడు అక్కడ ఎవరు పడుగు సాగదీసినా వాటికే కడతారు. వాటిని అందరూ "గుమాస్తా గుంజలు" అంటారట.