రివెట్టు సందులో పసుపు

ఆయుధపూజ అంటే నాకు ఇప్పటికీ రోత. భక్తి లేక కాదు, ఆ పసుపు వల్ల.

తొంభైలలో చిక్కడపల్లిలోని ఒక లేత్ షెడ్డులో, మూల బల్ల మీద మడతచాకులు చేసేవాణ్ణి. పదును ఎవడైనా పెడతాడు. చాకు బొటనవేలితో నెడితే ఎక్కడా పట్టకుండా, ఊగకుండా, చప్పుడు లేకుండా తెరుచుకోవాలి. అందుకోసం బ్లేడుకు రెండు పక్కలా వేసే ఇత్తడి వాషర్లను, అద్దం ముక్క మీద సన్న ఎమరీ పేపర్ పరిచి అరగదీసేవాణ్ణి. బ్లేడును పిడికి బిగించే రివెట్టు మీద ఒక దెబ్బ వేసి, తెరిచి చూసి, ఇంకో దెబ్బ వేసేవాణ్ణి. దెబ్బ ఎక్కువైతే పట్టేస్తుంది, తక్కువైతే బ్లేడు ఆడుతుంది.

నారాయణగూడలో సామాన్ల దుకాణం సేటు నమూనా తెమ్మన్నాడు. నచ్చితే ప్రతి నెలా తీసుకుంటానన్నాడు. ఆ షెడ్డు వదిలి సొంత బల్ల వేసుకోవడానికి నాకు అదొక్కటే దారి. దసరా ముందు సాయంత్రం చాకు పూర్తిచేసి బల్ల మీద పెట్టి వెళ్ళాను.

పండగ మర్నాడు షెడ్డు యజమాని దాన్ని గుడ్డలో చుట్టి ఇచ్చాడు. నా పనిని నేనే అనుమానించే అలవాటు నాకు లేదు. విప్పి చూడకుండా నేరుగా దుకాణానికి వెళ్ళాను.

సేటు తెరిచాడు. కరకరమని సగంలో ఆగిపోయింది. గట్టిగా లాగితే సందులోంచి పసుప్పచ్చని జిగురు ఆయన వేలికి అంటింది. పాత కొబ్బరినూనె కంపు.

"ఏందన్నా, చాకు తెచ్చినవా, పులిహోర తెచ్చినవా?"

దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్విన మొహాలు నాకు ఇంకా గుర్తే.

షెడ్డుకు వచ్చి అడిగితే యజమాని పాన్ నములుతూనే చెప్పాడు. "పనిముట్లన్నిటికీ పెట్టిన. నీదానికి పెట్టకుంటే నువ్వే అలుగుతవ్. నూనెల కలిపి బొటనవేలితోని సందులకు గూడ మంచిగ దూర్చిన. దేవుని పసుపన్నా, దానికేమైతది?"

"వాషర్లు దేవుడు అరగదియ్యలేదు."

"జర నూనె పొయ్యి, అదే తిరుగుతది."

రివెట్టు తొలిచి విప్పాను. లోపల చీములా ఉంది. పసుపులో కలిసిన ఇసుక రేణువులు ఇత్తడినంతా గీరేశాయి. కిరోసిన్‌తో కడిగి, కొత్త వాషర్లు చేసి, మళ్ళీ సేటు దగ్గరికి వెళ్ళాను.

ఆయన చెయ్యి చాపలేదు. "ఒకసారి చూసిన గదన్నా" అని ఎవరికో తాళాలు చూపించడంలో పడ్డాడు. నేనే ఆయన ఎదురుగా తెరిచాను. చప్పుడు కాలేదు. కాలేదు కాబట్టే ఆయన తల తిప్పలేదు. మూశాను, తెరిచాను.

"గిరాకి వస్తున్నరు, జర పక్కకు జరుగన్నా."

ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆ మూల బల్ల దగ్గరే కూర్చున్నాను. యజమాని రోజూ చాయ్ తెచ్చి ఇచ్చేవాడు. ఆయన బొటనవేలు గ్లాసు అంచుకు తగిలితే చాలు, ఆయన చూస్తుండగానే మోరీలో పారబోసేవాణ్ణి.