నడి చెరువులో ఆగిన పిల్ల

గంజి, యంత్రాల నూనె, బొద్దింకల మందు. ఈ మూడూ కలిసిన వాసన, పోయిన శనివారం అటక మీంచి దించిన గోనెసంచి మూతి విప్పగానే ముక్కుకు తగిలింది. ఇంట్లో గుంత మగ్గం తీసేసి, ఆ గుంతను సిమెంటుతో పూడ్చి, కరెంటు మగ్గం నిలబెట్టాలని నాయన నిర్ణయించాడు కాబట్టి అటక ఖాళీ చేస్తున్నాం. సంచిలో జాకార్డు అట్టల కట్ట ఒకటి ఉంది. చీరలో ఎక్కడ పువ్వు లేవాలో మగ్గానికి చెప్పేవి ఈ అట్టలే. రంధ్రం ఉన్నచోట పట్టుపోగు లేస్తుంది, లేనిచోట లేవదు. కానీ ఈ కట్ట ఏ చీరదీ కాదు. రంధ్రాలు మేకుతో పొడిచినట్టు వంకరగా ఉన్నాయి. లెక్కపెట్టాను. మొత్తం ముప్పై ఎనిమిది అట్టలు, చివరి దాంట్లో సగం వరకే రంధ్రాలు. ఐదో తరగతిలో మేం పిల్లలం ఒక సంగీతాన్ని రాసుకున్న నోటుపుస్తకం అది.

ధర్మవరంలో మా వీధి మనుషులకంటే ముందు మగ్గాలతో మేలుకునేది. ఇంటికొకటి, కొన్ని ఇళ్ళలో రెండు. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి కూర్చున్న నాయనలు, వాళ్ళ పాదాల కింద లేస్తూ పడుతూ ఉండే తొక్కుడు చెక్కలు, ఆ చప్పుడు మీదుగా వచ్చే బొరుగుల ఉగ్గాణి తిరగమోత వాసన. ఎండాకాలం పోగు తెగకుండా కిటికీలకు తడి గోనెపట్టాలు వేలాడేవి, వాటి కిందే మేం గోలీలు ఆడేవాళ్ళం. వానలు ముదిరితే గుంతల్లో నీళ్ళూరి మగ్గాలు ఆగిపోయేవి, వీధి అంతా ఎవరో పోయినట్టు నిశ్శబ్దంగా ఉండేది. ఉగాదికి ఓళిగలు, అవే బొబ్బట్లు, నేతిలో మునిగేవి. నిలువు పోగుల పాత పడుగు అయిపోయి కొత్త పడుగు ఎక్కించే రోజున మాత్రం పండగైనా సరే, మా అవ్వ మగ్గం ముందు కూర్చుని వేల పోగులను ఒక్కొక్కటిగా పాతదానికి కొత్తదాన్ని అతికేది. నాకు ఎనిమిదేళ్ళు నిండేసరికి ఆ పని నేర్పింది.

"వేలు తడి జేసుకో. బూడిదద్దు. మెలిబెట్టు. లాగితే పోగు తెగాల గానీ అతుకు ఊడగూడదురా శీనా."

మా తరగతిలో నా అంత వేగంగా అతికేవాడు లేడు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు, తర్వాత జరిగినదానికి ఇదే మూలం.

సుశీల టీచర్ హిందూపురం నుంచి రోజూ ప్యాసింజరు రైల్లో వచ్చేవారు. ప్రతి శుక్రవారం ఆఖరి గంటకు మాత్రం ఆమె భుజాన గుడ్డసంచి, సంచిలో టేపురికార్డరు ఉండేవి. రైలు కుదుపులకు చెడుతుందని పెనుకొండ కొండ దాటేదాకా ఒళ్ళో పెట్టుకునే వస్తానని చెప్పేవారు. ఆమె దగ్గర ఉన్నది ఒకే క్యాసెట్టు. మొదటి రోజు దాన్ని మోగించినప్పుడు పదుల కొద్దీ వయొలిన్లు ఒకేసారి గాలిలా లేచాయి, వాటి కిందెక్కడో డోలు లాంటిది మెత్తగా అడుగులేసింది. మేం పాట కోసం ఎదురుచూశాం. పాట రాలేదు.

"టీచర్, పాడేటోళ్ళు యాడుండారు?" అని అడిగింది ముందు బెంచీ పద్మ.

"ఎవురూ పాడరు. దీన్ని బ్యాలే అంటారు. మునివేళ్ళ మీద నిలబడి, కాళ్ళతోనే కథ చెప్తారు."

నా పక్కన కూర్చునే రమణ లేచాడు. "మా నాయన గూడా పొద్దస్తమానం కాళ్ళాడిస్తానే ఉంటాడు టీచర్. మరి ఆయప్పది డాన్సు గాదా?"

తరగతంతా గొల్లుమంది. టీచర్ నవ్వలేదు. "సోమవారం మీ నాయన కాళ్ళు ఎట్లా పడతాయో చూసొచ్చి చెప్పు" అన్నారు. రమణ చూసొచ్చాడు, కుడి, ఎడమ, ఆగు, కుడి అని బల్ల మీద కొట్టి చూపించాడు. ఆ తర్వాతి శుక్రవారం టీచర్ క్యాసెట్టు పెట్టి, బరువైన అడుగు ఎక్కడ పడిందో, తేలికైనది ఎక్కడ పడిందో చెప్పమన్నారు. రాసుకోవడం ఎలాగో మాకు తెలియలేదు. అంచులు చిరిగి, రంధ్రాలు పొడవకుండానే పారేసిన జాకార్డు అట్టలు మా ఇంటి నుంచి నేనే తెచ్చాను. పై వరసలో రంధ్రం బరువైన అడుగు, కింది వరసలో రంధ్రం తేలిక అడుగు, ఖాళీ అంటే ఆగడం. మేకుతో పొడవడం మా పని, తప్పులు దిద్దడం టీచర్ పని.

కథ కూడా వారానికి కొంచెమే నడిచేది. ఒక చలి దేశంలో ఒక పిల్ల. వాళ్ళమ్మ చెరువు అవతలి ఒడ్డున ఉంది. చెరువు గడ్డకట్టింది, కానీ పలుచగా. మునివేళ్ళ మీదే దాటాలి, మడమ ఆనిస్తే మంచు పగులుతుంది.

"నీళ్ళు గట్టిపడతాయా టీచర్?"

"మన చెర్లో నీళ్ళే ల్యాకపాయ, గట్టిపడేదెట్లబ్బా!" అని రమణే జవాబిచ్చాడు.

అయినా మాకందరికీ ఆ పిల్ల తెలుసు. బడి వదిలాక పద్మ ఇంటిదాకా మునివేళ్ళ మీద నడిచేది. అన్నం ముందు కూర్చుని కూడా నేను ఆ పిల్ల గురించే ఆలోచించేవాణ్ణి. ఆమె దాటాలి. నా పదేళ్ళ బతుకులో నాకు అంతగా కావాల్సింది మరొకటి లేదు.

ఆ శుక్రవారం పిల్ల నడి చెరువుకు చేరింది. వయొలిన్లన్నీ తగ్గి ఒక్కటే మిగిలింది. అప్పుడే టేపు మూలిగి ఆగింది. టీచర్ మూత తీసి, లోపల ఇరుక్కున్న రిబ్బనును మెల్లగా లాగుతుంటే అది తెగింది. రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని ఆమె అలాగే నిలబడిపోయారు. అంతలో హెడ్మాస్టరు పిలుస్తున్నారని కబురొచ్చింది. "ఎవురూ ముట్టుకోవాకండి" అని చెప్పి వెళ్ళారు.

అందరి తలలూ నా వైపు తిరిగాయి.

"ఏమబ్బా, దినామూ పోగులతికేటోనివి. ఇది ఒక్కటి అతకలేవా?" అన్నాడు రమణ.

మధ్యాహ్న భోజనం పొయ్యిలోంచి చిటికెడు బూడిద తెచ్చాను. వేలు తడి చేసుకున్నాను, బూడిదద్దాను, రెండు కొసలూ కలిపి మెలిపెట్టాను. అవ్వ చెప్పినట్టే రెండుసార్లు లాగి చూశాను. ఊడలేదు. టీచర్ వచ్చేలోగా మోగించి చూపిద్దామని పెన్సిలుతో రిబ్బను చుట్టి మీట నొక్కాను. వయొలిను రెండు స్వరాలు పలికింది. అంతే. పోగు గుండ్రంగా ఉంటుంది, రిబ్బను చదునుగా ఉంటుంది. నేను మెలిపెట్టిన చోట అది తాడయింది. తాడయినది లోపలి చక్రానికి చుట్టుకుంది. నేను భయపడి లాగాను. లాగేకొద్దీ ఇంకా వచ్చింది, సాగింది, సన్నబడింది, ఎన్నో చోట్ల తెగింది.

టీచర్ వచ్చి చూశారు. ఎవరూ నా పేరు చెప్పలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని తిప్పి, బొటనవేలి మీది బూడిద చూశారు. కుప్పలోంచి అతుకు ఉన్న ముక్కను వెతికి తీసి రెండు వైపులా లాగారు.

"బాగా అతికినావు శీనా. ఇది ఒక్కటే తెగల్యా" అన్నారు.

కొట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత శుక్రవారాలు ఎక్కాలు చెప్పించారు. పద్మ ఒకసారి ధైర్యం చేసి "ఆ పిల్ల ఏమాయ టీచర్?" అని అడిగితే "వింటేనే గదా తెలిసేది" అన్నారు. అది నాకు వేసిన శిక్ష అనుకున్నాను. ఏడాది చివర ఆమెకు బదిలీ అయింది.

నేను డిప్లొమా చదివి, ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో అతుకులు సరిగ్గా పడ్డాయా లేదా పరీక్షించే పనిలో ఉన్నాను. కట్ట దొరికిన శనివారం రాత్రంతా ఫోనులో బ్యాలే సంగీతం వెతికి ఇరవై మూడు పేర్లు పట్టీగా రాసుకున్నాను. మా సంగీతానికి పేరు తెలియదు. రాగం గుర్తులేదు, అడుగులే గుర్తున్నాయి. అడుగులు కొట్టి వినిపిస్తే ఫోనుకు ఏమీ అర్థం కాలేదు. టీచర్ ఇంకా హిందూపురంలోనే ఉన్నారని కనుక్కుని, ఆదివారం అట్టలు తీసుకుని రైలెక్కాను.

టీచర్‌కు జుట్టంతా నెరిసింది. పేరు చెప్పగానే నన్ను గుర్తుపట్టారు. ఫోనులోంచి ఒక్కొక్కటే వినిపించాను.

"ఇది గాదు."

టిక్కు పెట్టాను.

"ఇది గాదప్పా. అది ఇంకా నెమ్మది."

ఇరవై మూడూ అయ్యాయి. క్యాసెట్టు మీద పేరు ఏముండేదని అడిగాను. బెంగళూరులో ఫుట్‌పాత్ మీద కొన్నదట, కాగితం ముందే ఊడిపోయి ఉందట.

"మరి కథ మీకెట్లా తెలిసింది టీచర్?"

"నాకేం తెలుసప్పా. వినుకుంటా అల్లినా. అది నాదే."

ఇన్నేళ్ళు దాచుకున్న ప్రశ్న అప్పుడడిగాను. "అట్లయితే చెప్పండి. ఆ పిల్ల దాటిందా?"

ఆమె అట్టల కట్టను ఒళ్ళోకి తీసుకున్నారు. "మిగతాది నేనూ వినలేదు శీనా. ముందే వింటే మీకు చెప్పేస్తానని, ఏ వారానికావారం మీతోనే విన్యా."

ముప్పై ఎనిమిదో అట్ట తీసుకుని రంధ్రాల మీద వేలు నడిపారు. సగంలో రంధ్రాలు ఆగిపోయిన చోట వేలు ఆగింది.

"ఈడ ఏముండాది?"

"ఏమీ లేదు టీచర్."

"పోనీలే" అన్నారామె. "మడమైతే ఆనలేదు గదా."

చీకటిపడే వేళకు ఇల్లు చేరాను. గుంత లేదు. అందులో దిగే మెట్టు లేదు, తొక్కుడు చెక్కలు లేవు, నాయన పాదాలు అరగదీసిన నున్నటి అంచు లేదు. అవ్వ పోయి చాలా కాలమైంది. ఆ చోట బూడిదరంగు సిమెంటు పరుచుకుని, లైటు వెలుగులో తడిగా మెరుస్తోంది. అవతల, వంటింటి గడపలో అమ్మ నా కోసం కంచం పెట్టుకుని కూర్చుంది.

"ఆడే ఉండు. ఇంకా ఆరల్యా, తొక్కితే గుంత పడతాది" అంది.

అట్టల కట్ట చేతిలో పట్టుకుని నేను ఈ పక్కనే నిలబడిపోయాను.