బుద్రి మూర్ఛ, సుమిత్ర చదువు

డుంబ్రిగుడ సంతలో పకోడీల బండివాడు ఉల్లిపాయలు తరుగుతుంటే ఆ ఘాటుకు నా కూతురు బుద్రి గుర్తొస్తుంది. దానికి మూర్ఛ. మా కొండల్లో మూర్ఛ వస్తే ముక్కు దగ్గర ఉల్లిపాయ, గుప్పిట్లో ఇనుము పెడతారు. ఒకసారి అలా పెట్టిన కొడవలికి దాని అరచెయ్యి తెగింది. పక్కింటి సుమిత్ర అప్పటికి విశాఖపట్నంలో డిగ్రీ చదువుతోంది, సెలవులకు ఊరికొచ్చింది. జనాన్ని తోసుకొచ్చి కొడవలి లాగి పారేసింది. "గాలాడనీండి! పక్కకి తిప్పండి!" అని మా పెద్దల మీదే అరిచింది.

బుద్రిని ఆసుపత్రికి తీసుకుపోయింది కూడా తనే. డాక్టరు మాత్రలు రాశాడు. దుకాణంలో ఏది ఇస్తే అది తెచ్చేదాన్ని. "పేరు సదవకుండా మందెలా మింగిత్తావత్తా?" అని సెలవులకు వచ్చినప్పుడల్లా నన్ను కూర్చోబెట్టేది. మందు అట్ట మీది ఇంగ్లీషు అక్షరాలు ముందు, మన తెలుగు తర్వాత నేర్పింది. తల నెరిశాక వచ్చిన చదువు నాది.

డిగ్రీ అయ్యాక సుమిత్ర మెదడు మీద పరిశోధన చేస్తానని బెంగళూరు పోయింది. ఎలుకల మెదళ్ళు పలచగా కోసి చూసేదట. కొన్నాళ్ళకు అది మాని లెక్కల్లోకి, కంప్యూటర్‌లోకి మళ్ళింది.

"మూర్ఛ ఎక్కడ మొదలైందో సూసేలోగా ఆ ముక్క సచ్చిపోతాదత్తా. కంప్యూటర్లో ఉత్తుత్తి మెదడు కట్టేవనుకో, అదే మూర్ఛని ఎన్నిసార్లైనా తెప్పించొచ్చు."

"దాని సేతిలో కూడా కొడవలి పెడతావేటే?"

పడీపడీ నవ్వింది. లెక్కలు రాక మొదట్లో ఏడ్చిందనీ, తనకంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చుని మొదటినుంచి నేర్చుకుందనీ తర్వాతెప్పుడో చెప్పింది.

బుద్రికి పెళ్ళయింది. ఒక పంటకాలమంతా మూర్ఛ రాలేదు. అత్తవారు కోడిని కోసి మొక్కు తీర్చారు. ఇంకా మాత్ర మింగితే దేవతను నమ్మనట్టేనని మాన్పించేశారు. నాకు కబురైనా లేదు. నీళ్ళకు వెళ్ళిన బుద్రి గెడ్డలో బోర్లా పడి దొరికింది. మోకాలి లోతు నీళ్ళు.

సుమిత్ర వచ్చింది. ముఖం మీదే అడిగాను.

"ఏటే, నీ కంప్యూటర్ ముందే సెప్పలేదేం?"

"సెప్పలేదత్తా. ఇంకా సేతకాదు."

"ఎప్పటికవుద్ది?"

"తెలీదు."

వచ్చినవాళ్ళంతా రాత అన్నారు, దేవత అన్నారు. తెలీదన్నది అదొక్కతే. కోపం వచ్చింది. కానీ ఆ రోజు నేను నమ్మింది ఆ ఒక్క మాటనే.

సుమిత్ర ఇంకా ఆ పనిలోనే ఉంది. ఇక్కడ మూర్ఛ పిల్లల తల్లులు మందు అట్టలు పట్టుకుని నా దగ్గరకు వస్తారు. పేరు చదివి చెబుతాను. మొన్న ఒకామె, "ఎప్పటికైనా తగ్గిపోతాదా పెద్దమ్మా?" అంది. తగ్గుతుందనే మాట నోటిదాకా వచ్చింది.

"తెలీదు. మూర్ఛ రాకపోయినా మాత్ర మానీకు," అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. అయినా నేను మాట మార్చలేదు.