అంచు దగ్గర ఆగిన తెల్లకణాలు

1915 ప్రాంతంలో, గిర్మిట్ అనే ఐదేళ్ళ కూలి ఒప్పందం ఇంకా నడుస్తుండగా, మన దేశం నుంచి ఓడల్లో కూలీలొచ్చే ఒక దీవిలో, బా అనే ఊరి దగ్గరి ఒక చెరుకుతోట ఆసుపత్రిలో నేను మైక్రోస్కోప్ పని చేసేవాణ్ణి. మా దొర డాక్టరుకు ఎలుకల పిచ్చి. ఒక ఎలుక ట్యూమర్ నుంచి, అంటే గడ్డ నుంచి, చిన్న ముక్క తీసి మరో ఎలుక చర్మం కింద పెట్టేవాడు. కొన్నింటిలో అది పెరిగేది, కొన్నింటిలో కరిగేది. ఎందుకో తెలియాలంటే ఎలుకను చంపి, గడ్డను పల్చని పొరలుగా కోసి, రంగు పట్టించి, రోగంతో పోరాడే తెల్లకణాలు లోపలికి ఎంతవరకు చొరబడ్డాయో లెక్కపెట్టాలి. అంచులో కొంత మేర, నడిమధ్య కొంత మేర. ఆ లెక్క నా పని.

ఎలుకల బోనులు కడిగేది అప్పలమ్మ. విజయనగరం వైపు నుంచి గిర్మిట్ మీద వచ్చిన మనిషి. ఆమె రొమ్ములో గడ్డ ఉందని, కోసి తీసెయ్యాలని డాక్టరు చెప్పాడు. ఆమె ఒప్పుకోలేదు.

"ఆ సెవి సిరిగిన ఎలక్కి దానంతటదే కరిగిపోతంది. రోజూ సూస్తన్నాను. నాకు మాత్రం కరగదేటి?" అంది.

మర్నాడు డాక్టరు ఆ ఎలుకనే కోయమన్నాడు. ఖాళీ బోను చూసి అప్పలమ్మ నా మీదికొచ్చింది.

"నయమైపోతన్నదాన్ని సంపీసినారా?"

"లోపల చూడాలంటే వేరే దారి లేదక్కా."

ఆమె కదల్లేదు. చివరికి ఆ ఎలుకదీ, మరో ఎలుకదీ రెండు స్లైడ్లు చూపించాను. కరుగుతున్న గడ్డలో తెల్లకణాలు, రంగు పట్టి నీలం చుక్కల్లా, నడిమధ్య దాకా నిండి ఉన్నాయి. పెరుగుతున్న గడ్డలో అంచు దగ్గరే గుంపుగా ఆగిపోయాయి. ఆమె చాలాసేపు చూసింది.

"నాది ఏ రకం తమ్ముడా?"

"తీసి చూస్తేగానీ తెలీదు."

"ఎలకని సంపి సూసినారు. మరి నన్ను?"

"నిన్ను బతికించడానికే కోస్తారు. బతుకుతావని మాత్రం నేను చెప్పలేను."

"అయితే అస్పతాల్లో పడుకుంటాను. మా ఆయనకి నువ్వే సెప్పు."

ఆపరేషన్ జరిగినంతసేపూ బోనుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. తర్వాత ఆమె గడ్డ స్లైడ్ చూశాను. తెల్లకణాలు అంచులోనే ఆగాయి. మరో పొర కోసి, మళ్ళీ రంగు పట్టించాను. అదే. కట్టు విప్పిన రోజున ఆమె అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను.

"పోనీలే, తీసీసినారు కదా" అని లేచి, మొగుడి వెంట నడిచి వెళ్ళిపోయింది.

గిర్మిట్ తీరాక వాళ్ళు వాయినికోరో వైపు చెరుకు సాగుకు పోయారు. అటునుంచి ఎవరొచ్చినా ఆరాటం ఆగక అడిగేవాణ్ణి. ఎవరికీ తెలియదు. కొన్నేళ్ళకు, ఆమెను మౌసీ, అంటే పిన్ని, అని పిలిచే ఒక రైతు వచ్చాడు.

"అప్పలమ్మ మౌసీయా? నా ఎద్దు తన చేలో పడిందని మొన్ననే బాగా తిట్టి పంపింది!"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కణాలు ఆ రోజు ఎక్కడున్నాయో స్లైడ్ చెబుతుంది. ఆ లెక్క తప్పకూడదు. అందులోంచి మనిషి ఆయుష్షు చదవకూడదు. ఆ తర్వాత ఏ రోగి అడిగినా, చూసినంతవరకే చెప్పాను.