రొట్టెకు తోడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పాలకే కాదు, రొట్టెకు కూడా తోడు ఉండేది. పులిసిన గోధుమపిండి ముద్దను అందరూ ఖమీరు అంటే, మా నాయనమ్మ మాత్రం తోడు అనేది. పిండి కలిపిన ప్రతిసారీ గుప్పెడు తీసి జాడీలో దాచేది. మళ్ళీ రొట్టెకు అదే ఆధారం. మూత మీద కూడా నిప్పులు పోసి పాత గిన్నెలో కాల్చేది. ఆదివారం ఆ వాసన తగిలితే పాస్టరుగారి ప్రసంగం నాకు ఒక్క ముక్క గుర్తుండేది కాదు.

ఆ తోడు మొదట ఇచ్చింది పక్కింటి ముస్లిం ఆవిడ. మేం ఖాలా అని పిలిచేవాళ్ళం. సీతాఫల్‌మండిలో మా రెండిళ్ళ వెనక ఒకటే ఖాళీ జాగా. అందులో వాడకట్టు అందరికీ కూరగాయలు వేయాలని ఇద్దరూ తెగ ముచ్చటించుకునేవారు. బావి పక్కన ఖాలాకు పుదీనా కావాలి, నాయనమ్మకు గోంగూర కావాలి. ఎవరూ తగ్గలేదు కాబట్టి ఒక్క విత్తనమూ పడలేదు.

ఇంతలో పోలీస్ యాక్షన్ జరిగి నిజాం పాలన పోయింది. మా వీధి ప్రశాంతంగానే ఉంది గానీ, ఊళ్ళలో ముస్లింల మీద దాడులు జరుగుతున్నాయన్న కబుర్లు విని ఖాలా తలుపు మూసుకుంది. ఇల్లు ఖాళీ చేసి ఎటో పోతారని అందరూ అనుకున్నారు. అమ్మ కూర పంపితే "మాకు అన్నీ ఉన్నయి" అని లోపలి నుంచే జవాబు. నాకు ఖాలా అంటే ప్రాణం. ఆమె వెళ్ళిపోతుందంటే అన్నం సయించేది కాదు.

ఒకరోజు నాయనమ్మ జాడీలో ఉన్న తోడంతా పిండిలో కలిపేసింది. గుప్పెడైనా దాచలేదు. మరిచిపోయిందనుకుని నేను లబోదిబోమన్నాను. "ఊకో బిడ్డా, నాకెరుకే" అని, ఖాళీ జాడీ పట్టుకుని ఖాలా తలుపు ముందు నిలబడింది.

"నా తోడు అయిపోయింది బిడ్డా. నువ్వియ్యకుంటే నా ఇంట్ల రొట్టె లేదు."

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఖాలా కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నా ఖమీర్ సుత ఖరాబైనట్టుందమ్మా. ఈ పరేషాన్ల దాన్ని చూస్తలేను."

నాయనమ్మ లోపలికి వెళ్ళి కూర్చుంది. పైన తేరిన నల్లనీళ్ళు వంచేసి, అడుగున మిగిలినదానికి పిండీ నీళ్ళూ కలిపించింది. దాన్ని చూసే వంకతో రోజూ వెళ్ళేది, వెంట నేను. అది బుడగలు కట్టి పొంగిన రోజు ఇద్దరూ చిన్నపిల్లల్లా మురిసిపోయారు.

ఆ సాయంత్రమే వెనక జాగాలోకి వచ్చారు. నాయనమ్మ పుల్లతో నేల మీద మడులు గీస్తూ, బావి పక్క జాగా పుదీనాకే వదిలేసింది. మాటల్లో మాటగా అడిగింది.

"ఎండకాలం దీనికి నీళ్ళెవరు పోస్తరు?"

నేను ఖాలా ముఖంలోకే చూస్తున్నాను.

"ఇంకెవరు, నేనే పోస్తా" అంది ఖాలా.

నాయనమ్మ తల ఎత్తకుండా ఇంకో గీత గీసింది. నాకు మాత్రం సంతోషంతో ఏడుపొచ్చింది.

కూరకు తెరుచుకోని తలుపు ఖాళీ జాడీకి ఎందుకు తెరుచుకుందో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. భయపడిన మనిషికి మన జాలి ఇంకాస్త బరువు. తన వల్ల ఒకరి పని నడుస్తుందని తెలిస్తే కాళ్ళ కింద నేల దొరుకుతుంది. ఇప్పటికీ మా పక్కింట్లోకి కొత్తవాళ్ళు ఎవరైనా దిగితే, ఏం ఇవ్వాలా అని ఆలోచించను. చిన్న గిన్నె పట్టుకుని, పాలకు తోడు కావాలని అడగడానికి వెళ్తాను. ఇంట్లో పెరుగు ఉన్నా సరే.